నా ఒంట్లో సన్నాలు

'నార్మల్' అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట అచ్చేసిన కాగితం చొక్కా జేబులో ఉండగానే మా అన్నయ్య పోయాడు.

మాది తాడేపల్లిగూడెం. బజారులో బియ్యం కొట్టు. నాన్న తరవాత గల్లా దగ్గర అన్నయ్య కూర్చున్నాడు, నేను దుబాయ్ వచ్చేశాను. రెండువేల అయిదు మే నెలలో ఎవరో బజారులో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. ఉచితమంటే మా ఇంట్లో ఎవరికీ కాళ్ళు ఆగవు. అన్నయ్య వెళ్ళి నెత్తురిచ్చి వచ్చాడు. రెండు రోజులకి చేతికొచ్చిన కాగితంలో కొలెస్ట్రాల్ నార్మల్ అని ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, కొట్టుకొచ్చిన ప్రతివాడికీ విప్పి చూపించేవాడట. "ఇంట్లో నెయ్యి గిన్నె ఖాళీ చేసేది నేనేనయ్యా. అయినా చూడు, ఎక్కడన్నా తేడా ఉందా?" అని. పదకొండో రోజు పొద్దున్న తలుపులు తీసి, అగరొత్తి వెలిగించి, తొలిబేరం కాకుండానే బస్తాల మధ్య కూలబడ్డాడు. గుండె. నలభై నాలుగేళ్ళు.

నేను వాడికంటే రెండేళ్ళ పదినెలలు చిన్న. పరామర్శకి వచ్చిన వాళ్ళందరూ వదినని ఓదార్చి, తిరిగి వెళుతూ నా వైపు ఒక చూపు చూసి వెళ్ళేవారు. ఆ చూపు నాకు తెలుసు. ఒక బస్తాలో పురుగు కనబడితే అదే లారీలో వచ్చిన రెండో బస్తాని ఎలా చూస్తామో అలాంటి చూపు.

దుబాయ్ తిరిగొచ్చిన వారం నుంచీ మా ఆవిడ ఒకటే పాట. "ఏవండీ, పరీక్ష చేయించుకోండి." నేను సరేననేవాణ్ణి. సరే అనడానికి ఖర్చేముంది? రంజాన్ వెళ్ళాక అనేవాణ్ణి. ఎండలు తగ్గాక అనేవాణ్ణి. షార్జా నుంచి ఇల్లు మారాక అనేవాణ్ణి. ఇల్లు కూడా మారాం, ఇంటర్నేషనల్ సిటీకి. ఇంక వాయిదా వెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఆవిడ కరామాలో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసే ఉద్యోగం చేసేది. ఆ ఆఫీసు పై అంతస్తులోనే ఒక క్లినిక్. ఒకరోజు నాకు చెప్పకుండా అపాయింట్‌మెంట్ తీసుకుని, నేను వెళ్ళకపోతే తను ఆ మెట్ల మీదే కూర్చుంటానంది.

అక్కడి డాక్టరు లక్నో వైపు పెద్దాయన. మనిషిని ఎంత తిట్టినా హిందీలో 'ఆప్', తమరు, అంటూనే తిట్టేవారు. మామూలు కొలెస్ట్రాల్ పరీక్ష చేయించారు. నార్మల్. నేను మా ఆవిడ వైపు చూసి కనుబొమలు ఎగరేశాను. ఆయన కాగితం బల్ల మీద పెట్టి, "మీ అన్నగారి రిపోర్టు ఏమని వచ్చింది?" అన్నారు.

"నార్మల్."

"మరి?"

ఎగరేసిన కనుబొమలు దించాను. అప్పుడాయన ఇంకో పరీక్ష ఉందన్నారు. నెత్తుటిలో కొలెస్ట్రాల్ ఒంటరిగా తిరగదట, చిన్నచిన్న రేణువుల్లో కూర్చుని తిరుగుతుందట, ఆ రేణువుల్లో రకాలున్నాయట. ఎవరి నెత్తుటిలో ఏ రకం ఉందో ఈ పరీక్ష చెబుతుందట. ఆయన కాగితం మీద గుండ్రాలు గీస్తూ పావుగంట చెప్పారు. మా ఆవిడ తల ఊపుతూ వింది. నేను మాత్రం ఆయన ధర ఎప్పుడు చెబుతారా అని కాచుకుని కూర్చున్నాను. బేరగాడికి సరుకు గుణాలు అనవసరం. అవి అమ్మేవాడు ఎలాగూ చెబుతాడు, చెప్పినవన్నీ మంచివే అయి ఉంటాయి. అసలు మాట చివర్న వస్తుంది. దానికోసం చెవులు రిక్కించుకుని ఉండాలి.

చివర్న ఆయన చెప్పిన అంకె విని నేను కుర్చీలోంచి లేచాను. నెత్తురు ఇక్కడ తీసి విదేశానికి పంపాలట. మూడు వారాలట.

"నా నెత్తురు విమానం ఎక్కుతుందన్నమాట. నేను ఇంటికి వెళ్ళి ఏడాది కావస్తోంది" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

లాబ్‌లో కూర్చున్న అమ్మాయితో బేరం పెట్టాను. మా ఆవిడ గుమ్మం బయటికి వెళ్ళి నిలబడింది. నేను బేరం పెట్టినప్పుడల్లా ఆవిడకి బయట ఏదో పని గుర్తొస్తుంది. ధర తగ్గదని ఆ అమ్మాయి మలయాళం కలిసిన హిందీలో మూడుసార్లు చెప్పింది. అయితే కొసరు ఏమిస్తారని అడిగాను. కొసరంటే ఏమిటో వివరించడానికే అయిదు నిమిషాలు పట్టింది. ఆఖరికి విసిగిపోయి థైరాయిడ్ పరీక్ష ఉచితంగా చేస్తామంది. నేను గెలిచిన మొహంతో బయటికొచ్చాను. నా థైరాయిడ్ బ్రహ్మాండంగా ఉందని తరవాత తేలింది. అది బాగా లేదని ఎవరూ ఎప్పుడూ అనలేదు కూడా.

మూడు వారాల తరవాత క్లినిక్ నుంచి ఫోను వచ్చింది. నేను అల్ ఖూజ్‌లో మా గోడౌన్‌లో ఉన్నాను. టైల్సు, బాత్రూం సామాన్లు తెప్పించి అమ్మే కంపెనీ. కొనుగోళ్ళూ గోడౌనూ నా చేతి కింద. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తూ కీచుకీచుమంటోంది. ఒక చెవి మూసుకుని విన్నాను. ఆ మలయాళీ అమ్మాయే.

"సార్, ఆప్‌కా రిపోర్ట్ ఆగయా. కొలెస్ట్రాల్ నార్మల్. పార్టికల్ సబ్ ఛోటా టైప్."

"ఛోటా అంటే? బారీకా?"

"క్యా సార్?"

"బారీక్, బారీక్! మోటా కాదుగా?"

"హా సార్, హా. బారీక్. మోటా నహీ. డాక్టర్ కో ఆకే మిలో." వచ్చి డాక్టరుని కలవమంటోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బియ్యంలో మేము చూసే మొదటి గుణం గింజ సన్నమా, లావా అని. సన్నాలు పెళ్ళిళ్ళకీ పెద్దింటికీ వెళతాయి. లావు బియ్యం హోటళ్ళకీ హాస్టళ్ళకీ. దుబాయ్‌లో కూడా కిరాణా కొట్టులో నిలబడి 'బారీక్ చావల్', సన్న బియ్యం, అని అడిగితే కొట్టువాడు మనిషిని ఎగాదిగా చూసి మంచి బస్తా బయటికి తీస్తాడు. నలభై రెండేళ్ళు వచ్చినవాడికి 'మీ సరుకంతా సన్నరకం' అని ఫోను చేసి చెబితే ఆ మనిషి ఏమనుకోవాలి? ఆ అమ్మాయి నోట్లో ఆ మాట పెట్టింది నేనేనని అప్పుడు నాకు తోచలేదు. అమ్మేవాడి చేత మనకి కావలసిన మాట అనిపించడమే నాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య.

మా కంపెనీ డ్రైవరు జగిత్యాల మనిషి. లోడు ఎక్కించుకుంటూ పక్కనే ఉన్నాడు. వాడికి ముందు చెప్పాను.

"నా నెత్తురు విదేశాలకెళ్ళి వచ్చింది. సన్నాలట."

"సన్నాలా? గట్లయితే మాది దొడ్డు నెత్తురే ఉంటది సార్. దొడ్డుబియ్యం తిని పెరిగినోళ్ళం. నన్ను గిట్ల పరీచ్చ చేస్తే మిషిని ఖరాబైతది."

"అందుకే నీకు చెయ్యరు."

"చెయ్యరు సార్. చేస్తే పైసలు గూడ వాపస్ ఇస్తరు, తీస్కపోయి ఎక్కడన్న పడేయ్ అని."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సాయంత్రం పాత సోనా మసూరి పది కిలోలూ, ఒక పెద్ద నెయ్యి డబ్బా కొనుక్కుని ఇంటికి వెళ్ళాను.

మా ఆవిడ నవ్వలేదు. మర్నాడు తన ఆఫీసు పైనున్న క్లినిక్‌కెళ్ళి రిపోర్టు తెచ్చి బల్ల మీద పరిచింది. "డాక్టరుగారు మిమ్మల్ని రమ్మన్నారు."

"దేనికి? సరుకు మంచిదని తెలిశాక మళ్ళీ కొట్టుకెళ్ళి, మంచిదేనా అండీ అని ఫీజు కట్టి అడుగుతామా?"

"ఇక్కడ స్మాల్, డెన్స్ అని ఉంది. డెన్స్ అంటే ఏమిటి?"

"గట్టి గింజ. పాలు బాగా పోసుకుని గట్టిపడ్డదన్నమాట. తాలు కాదు, నూక కాదు."

"పక్కన 'బి' అని వేశారు. 'ఎ' వెయ్యలేదు."

"అక్షరాలదేముంది? సంచీ మీద ఎవడికి తోచింది వాడు అచ్చేసుకుంటాడు. గింజ చూడాలి."

"ఎర్ర రంగులో ఉందండీ ఈ లైను."

"మా కొట్లో మొదటిరకం బస్తా మూతి ఎర్ర దారంతోనే కుట్టేవాళ్ళం."

ఆవిడ కాగితం మడత పెట్టింది. "మీ అన్నయ్య కూడా..." అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేస్తే నేను కోప్పడతానని తెలుసు. ఆ రోజుకి నాకు అదే విజయం. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. కానీ అప్పుడు ఆ కాగితాన్ని సొరుగులో పడేసి, పరీక్షకి ముందు భయంతో మొదలుపెట్టిన సాయంత్రం నడక కూడా మానేశాను. సన్నాలవాడికి నడకెందుకు?

నాలుగు నెలలు అలాగే నడిచాయి. అంటే నేను తప్ప మిగతావన్నీ నడిచాయి. వదిన ఊరి నుంచి ఫోను చేసినప్పుడల్లా "నువ్వు చూపించుకున్నావా నాయనా?" అని అడిగేది. "చూపించుకున్నాను వదినా, అంతా బాగుంది" అనేవాణ్ణి. అబద్ధం కాదు కదా. రెండో ముక్క నేను కలిపిందే అయినా నేను నిజమనుకునే కలిపాను.

ఆగస్టు. అల్ ఖూజ్‌లో ఆగస్టంటే గోడౌన్ రేకు కింద మనిషి ఉడుకుతాడు. స్పెయిన్ నుంచి టైల్సు వచ్చాయి, ట్రైలర్ మరో గంటలో వస్తుంది, ఖాళీ చేయించాలి. ముందుగా పైన ఎంత చోటు ఉందో చూద్దామని ఇనప మెట్లు ఎక్కుతున్నాను. పద్నాలుగు మెట్లు. పదో మెట్టు మీద రొమ్ము మీద ఎవరో బస్తా దించినట్టయింది. నొప్పి అననుగానీ, బరువు. దవడ లాగింది. పైకెక్కి ఒక పెట్టె మీద కూర్చున్నాను. చెమటలు పోస్తున్నాయి. ఆగస్టులో చెమట పోస్తే ఎవరికి అనుమానం వస్తుంది? నాకు రాలేదు. అంటే, రానివ్వలేదు.

కింద నుంచి డ్రైవరు చూశాడు. పైకొచ్చాడు.

"గట్ల కూసున్నరేంది సార్?"

"గ్యాసు. పొద్దున్న పూరీ తిన్నాను."

"గ్యాసైతే తేన్పు రావాలె. వచ్చిందా?"

"వస్తుందిలే."

"మొకం చూడుర్రి, సున్నం గొట్టినట్టున్నది. పానం బాగలేదు మీకు. లేవుర్రి, దవాఖానకు పోదాం."

"ట్రైలర్ వస్తోందిరా. ఎవరు సంతకం పెడతారు?"

"ట్రైలర్ మీరు సచ్చినంక గూడ వస్తది సార్. సంతకం ఎవడన్న పెడ్తడు. ఖలాస్. లేవుర్రి, యల్లా, నడువుర్రి."

వాడు నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. పికప్‌లో కూర్చున్నాక కూడా నేను ఊరుకోలేదు. పెద్దాసుపత్రి వద్దు, ఇంటికి పోనీ, కాస్త పడుకుంటే తగ్గుతుందన్నాను. వాడు పెద్దాసుపత్రికే అన్నాడు. చివరికి ఇద్దరికీ మధ్యస్థంగా కరామా క్లినిక్‌కి బేరం కుదిరింది. బస్తా అంత బరువు రొమ్ము మీద ఉంచుకుని కూడా దారిలో మధ్యే ధర కుదుర్చుకున్నవాణ్ణి నేను. ఏమనాలి నన్ను?

అదృష్టం, క్లినిక్ చేరేసరికి బరువు తగ్గింది. మా ఆవిడ కింద ఆఫీసు నుంచి చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. చేతిలో నేను సొరుగులో పడేసిన రిపోర్టు ఉంది. దాన్ని నాలుగు నెలలుగా ఆవిడ తన హ్యాండ్‌బ్యాగులోనే ఉంచుకుందని నాకు ఆ రోజే తెలిసింది.

డాక్టరుగారు ఇసీజీ తీయించి, దాన్ని చూసి, రిపోర్టు చూసి, అందులోని తేదీ చూశారు.

"జనాబ్, ఇన్నాళ్ళు ఎక్కడున్నారు?"

"రిపోర్టు బాగుందని..."

"ఎవరన్నారు?"

"మీ అమ్మాయే. బారీక్ అంది."

"క్యా బారీక్?"

నేను చెప్పాను. సన్నాలు, లావు బియ్యం, గట్టి గింజ, ఎర్ర దారం, అన్నీ. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే దిగజారిపోతూ వినిపించింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నారు.

"ఆప్ యహా చావల్ ఖరీద్‌నే ఆయే థే?" అన్నారు మర్యాదగా. బియ్యం కొనడానికి వచ్చారా తమరు ఇక్కడికి?

మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అని తరవాత చెప్పింది.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "సరే, బియ్యమే అనుకోండి. ఒక కిలో లావు బియ్యం, ఒక కిలో సన్న బియ్యం. గింజలు దేంట్లో ఎక్కువ?" అన్నారు.

"సన్నాల్లోనే. చాలా ఎక్కువ."

"కిలో కిలోయే కదా?"

"కిలో కిలోయే. కానీ గింజ సన్నం కాబట్టి..."

"మీ అన్నగారికి చేసిన పరీక్షా, మీకు మొదట చేసినదీ తూకం వేసేవి. కొలెస్ట్రాల్ మొత్తం ఎంత బరువుందో చెబుతాయి. బరువు నార్మలే. కానీ నాళం గోడలోకి దూరేది బరువు కాదు, రేణువు. మీ బరువంతా సన్న రేణువుల్లో సర్దుకుని ఉంది. అంటే అదే బరువుకి రేణువులు చాలా ఎక్కువ. ఎన్ని ఎక్కువుంటే గోడకి అన్నిసార్లు తగులుతాయి, అన్ని లోపలికి దిగుతాయి. సన్నవి కాబట్టి ఇంకా సులువుగా దిగుతాయని కొందరంటారు, అసలు లెక్కే ముఖ్యమని కొందరంటారు. వాళ్ళు పోట్లాడుకుంటూనే ఉన్నారు. మీకు మాత్రం రెండూ ఉన్నాయి."

మూడు తరాలుగా బియ్యం అమ్మాం. సంచీ తూచాం, శేరు కొలిచాం, నూక జల్లించాం, అరచేతిలో పోసుకుని ఊది చూశాం. గింజలు లెక్కపెట్టినవాడు మా ఇంట్లో ఒక్కడూ లేడు. లెక్కపెట్టేవాణ్ణి చూస్తే పిచ్చివాడనేవాళ్ళం.

అన్నయ్య జేబులో పెట్టుకు తిరిగింది తూకం చీటీ.

కాసేపటికి నాకు కోపం వచ్చింది. నామీద రావలసిన కోపం ఆయన మీదికి మళ్ళించడం తేలిక. "ఈ ముక్క ఆ రోజే చెప్పొచ్చు కదండీ? కిలో, గింజ అని చెబితే ఎవడికి అర్థం కాదు?"

"చెప్పాను. గుండ్రాలు గీసి చూపించాను. మీరు ఎంతవుతుంది అని అడిగారు."

పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చారు. రెండు రోజులు అక్కడ. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తే గీతలు తేడాగా వచ్చాయి. యాంజియోగ్రామ్ అన్నారు. మణికట్టు దగ్గర నుంచి సన్నని తీగ పంపారు. టీవీ తెరలో నా గుండె నాకే కనిపిస్తోంది, చెట్టు కొమ్మల్లా నల్లటి నాళాలు. ఒకదాంట్లో సగం దాకా సన్నబడి ఉంది. నేను తెర మీద ఆ చోటు చూస్తూ, అన్నయ్యకి ఇలాంటివి ఎన్ని ఉండేవో అనుకున్నాను. అడగడానికి ఎవరూ లేరు, చూసినవాళ్ళూ లేరు. ఇప్పటికి స్టెంటు స్ప్రింగు అక్కర్లేదు, మాత్రలతో చూద్దాం, కానీ ఇంకో ఏడాది ఇలాగే ఉంటే ఏం చెప్పలేం అన్నారు.

తిరిగి లక్నో డాక్టరుగారి దగ్గరికి వెళితే నాలుగు షరతులు పెట్టారు. మాత్ర రాత్రి పూట, జీవితాంతం. రోజూ నలభై నిమిషాల నడక. తీపి బందు. నాలుగోది చెప్పే ముందు కాస్త జంకారు.

"అన్నం తగ్గించాలి. సగానికి పైన."

"నెయ్యి కదా తగ్గించాల్సింది?"

"నెయ్యి కూడా తగ్గించండి. కానీ మీకున్నలాంటి సన్న రేణువులు ఎక్కువయ్యేది కూర్చుని కుప్పలు కుప్పలు అన్నం తినేవాళ్ళకే. మీ ట్రైగ్లిజరైడ్లు చూశారా?"

బియ్యం కొట్టులో పుట్టినవాడికి అన్నం మానమని చెబుతున్నాడు ఈయన. నేను బేరం మొదలుపెట్టాను. మాత్ర సగం వేసుకుని అన్నం ముప్పావు తింటాను. కుదరదన్నారు. నడక గంట చేస్తాను, అన్నం వదిలెయ్యండి. కుదరదు. శుక్రవారం సెలవు? నాళాలకి శుక్రవారం లేదన్నారు. పోనీ తీపి పూర్తిగా మానేస్తాను, పెరుగన్నం మటుకు... మా ఆవిడ లేచి నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

ఇంట్లో ఆవిడ ఒక చిన్న కప్పు పెట్టింది. ఆ కప్పుతో అన్నం కొలిచి, చాకు వీపుతో పైన చదును చేసి కంచంలో బోర్లించేది. మా నాన్న ఎంత పిసినారయినా, కొలిచాక పైన ఒక గుప్పెడు వేసేవాడు. "కొసరు లేదా?" అంటే "ఇదే కొసరు" అనేది. గోధుమ రొట్టెలు తిన్నాను. ఓట్స్ తిన్నాను. ఓట్స్ అంటే ఏమిటో చెప్పమంటే చెప్పలేను. తడిసిన అట్టపెట్టె నేను తినలేదుగానీ, తింటే ఇలాగే ఉంటుంది. సాయంత్రాలు బ్లాకుల మధ్య తిరిగేవాణ్ణి. మా ఇంటర్నేషనల్ సిటీలో గాలి మురుగునీటి కేంద్రం వైపు నుంచి వీచిన రోజున నడవడమంటే ముక్కు మూసుకుని నలభై నిమిషాలు బతకడమే. డ్రైవరు కనబడితే "ఏం సార్, సన్నాలు దొడ్డుగైనయా?" అనేవాడు. వాణ్ణి తిట్టడానికి నాకిప్పుడు నోరు లేదు.

ఆరు నెలలకి మళ్ళీ లెక్క చూద్దామన్నారు డాక్టరుగారు. నేను ఆ విదేశీ పరీక్షకి సిద్ధపడి, ఈసారి కొసరుకి ఏ పరీక్ష అడగాలో కూడా అనుకుని వెళ్ళాను. ఆయన అది అక్కర్లేదన్నారు. రేణువుకి ఒకటి చొప్పున ఉండే ఒక ప్రొటీన్ ఉంటుందట, దాన్ని కొలిస్తే రేణువుల లెక్క ఇంచుమించు తెలిసిపోతుందట, ఇక్కడే చేస్తారట, రెండు రోజుల్లో వస్తుందట. ధర విన్నాను. మొదటిదానిలో పదో వంతు.

"అయితే మొదటిసారే ఇది చెయ్యొచ్చు కదా?"

"చెయ్యొచ్చు. కానీ అప్పుడు ఖరీదైన పెద్ద పరీక్ష అయితే తప్ప మీరు నమ్మేలా లేరు."

ఆయన నన్ను అమ్మేవాడి లెక్కన చదివారని అప్పుడర్థమైంది. ఖరీదైతేనే మంచిదనుకునే గిరాకీని మేము కొట్టులో ఎన్నిసార్లు చదవలేదు? తిక్క రేగింది, కానీ ఆయన మీద గౌరవం కూడా పెరిగింది. ఫలితం వచ్చింది. లెక్క మూడో వంతు తగ్గింది. నార్మల్ అని మాత్రం అనొద్దని ముందే చెప్పాను. అనలేదు. "పహ్లే సే బెహతర్" అన్నారు. ముందుకంటే మెరుగు. చాలు.

రెండువేల ఎనిమిది మార్చిలో ఒక ఉదయం. గోడౌన్ గేటు దగ్గర చైనా నుంచి వచ్చిన ట్రైలర్ అడ్డంగా నిలిచిపోయింది. ముందు మా పికప్, వెనక పక్క కంపెనీ వాళ్ళ లారీ, ఇద్దరు డ్రైవర్లూ రెండు భాషల్లో ఒకే తిట్టు తిట్టుకుంటున్నారు. లోపలి నుంచి మా ముదీర్, అంటే మేనేజరు, గడియారం చూపిస్తున్నాడు. నేను కాగితాలు ఊపుతూ అందరి మీదా అరుస్తున్నాను. ఫోను మోగింది. మా ఆవిడ.

"ఏవండీ, పనిలో ఉన్నారా?"

"ఏమిటో చెప్పవే, ఇక్కడ చస్తున్నాను."

"ఏమీ లేదు. ఇవాళ్టితో మీరు మీ అన్నయ్య కంటే పెద్దవాళ్ళయ్యారు."

అర్థం కావడానికి కాసేపు పట్టింది. అన్నయ్య పోయిన రోజు వాడి వయసుకి నెలలూ రోజులూ కలిపి, నా పుట్టినరోజు నుంచి కూడుకుంటూ ఆవిడ దాదాపు మూడేళ్ళుగా ఆ తేదీ మనసులో పెట్టుకుని కూర్చుంది. నాతో ఒక్క మాట అనలేదు. అనుంటే నేను దాని మీద కూడా ఏదో ఒక జోకు వేసి ఉండేవాణ్ణి.

"ఆ సంగతి సాయంత్రం చెప్పకూడదూ?" అన్నాను. ఊపుతున్న కాగితాలు చంకలో పెట్టుకున్నాను.

"సాయంత్రం దాకా ఆగలేకపోయాను."

గేటు దగ్గర మా డ్రైవరు చేతులూపుతున్నాడు. "సార్! ఇటు చూడుర్రి! వీడు వెనక్కి తీయనంటున్నడు!"

"వస్తున్నా" అని అరిచి, ఫోనులో, "ఇంకేమైనా ఉందా?" అన్నాను.

"మాత్రలు రెండే మిగిలాయి. వచ్చేటప్పుడు తెండి. ఫార్మసీ వాడితో బేరమాడొద్దు, నాకు పరువు తక్కువ."

"సరే."

"సరే అంటే తెస్తారా, వాయిదానా?"

"తెస్తానే తల్లీ, తెస్తాను" అని ఫోను పెట్టేసి, ట్రైలర్ వైపు నడిచాను.